వంటింటి ప్లైవుడ్‌ని ఉడకబెట్టి చూశాను

మా వంటింటి పని నిన్నటితో అయిపోయింది. రాత్రి కొత్త పొయ్యి మీద పాలు పొంగించాను. మనసు కుదుటపడింది కానీ కోపం మాత్రం తగ్గలేదు. అది తగ్గకముందే రాసేస్తే ఇంకొకరికైనా పనికొస్తుందని మొదలుపెట్టాను.

మాది శ్రీకాకుళం, నాగావళికి దగ్గర. మా మామగారు కట్టించిన ఇల్లు. సిమెంటు గట్టు, కడప బండల అరలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వంటింటి ఉత్తరపు గోడ బాగా నానింది. అప్పటినుంచి ఏటా వానాకాలం వచ్చిందంటే ఆ గోడకు చెమ్మ దిగుతుంది. కాబట్టి రంగులు, హ్యాండిళ్ల కంటే ముందు నేను పట్టుబట్టింది ఒక్కదానికే: లోపల వాడే చెక్క నీళ్లకు తట్టుకోవాలి.

పాత గట్టు పగలగొట్టడం, చెమ్మ గోడకు పెచ్చులు రాల్చి మళ్లీ ప్లాస్టరింగ్ చేయించడం, పైపులు మార్చడం అన్నీ సాఫీగానే జరిగాయి. మా తాపీమేస్త్రి మంచివాడు. పొయ్యి చోటు ఆగ్నేయంలోనే ఉంది, దాన్ని మార్చలేదు.

రాయి కోసం టెక్కలి వైపు వెళ్లాం. మన జిల్లా నీలం గ్రానైటు దేశదేశాలకు ఓడలెక్కి పోతుంటే మనం ఎక్కడిదో పాలరాయి తెచ్చుకోవడం నాకు నచ్చదు. పైగా పాలరాయి మీద చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చ తేలుతుంది. క్వార్ట్జ్‌లో రాతిపొడిని పట్టి ఉంచేది రెసిన్, దాని మీద పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెట్టకూడదు. మన వంటకి గ్రానైటే సరి. పలక మీద కాసిని నీళ్లు పోసి కాసేపు ఆగండి. తడి ఇంకి రంగు ముదిరిందంటే ఆ రాయి నూనె కూడా పీలుస్తుంది. నల్ల రాయి తీసుకునేవాళ్లు ఒక గుడ్డకి గోళ్ల రంగు తుడిచే అసిటోన్ అద్ది రుద్దండి. గుడ్డకి నలుపు అంటితే అది రాయి రంగు కాదు, పూసిన రంగు.

ఇక అసలు సంగతి. బీరువాలు, సొరుగులు అన్నీ ఫ్యాక్టరీలో చేసి తెచ్చి బిగిస్తారని, దుమ్మూ ధూళీ ఉండదని మా అబ్బాయి చెప్తే ఒక మాడ్యులర్ కిచెన్ దుకాణానికి వెళ్లాం. పేరు రాయను. ఏసీ గది, గోడంత స్క్రీన్. డిజైన్ గీసే కుర్రాడు మమ్మల్ని కూర్చోబెట్టి, స్క్రీన్‌ని మా ఆయన వైపు తిప్పాడు. నేను గట్టు ఎత్తు గురించి అడిగితే "స్టాండర్డ్ 34 అంగుళాలండి సార్" అని ఆయనకి జవాబు చెప్పాడు. అడిగింది నేను! నా ఎత్తు అయిదడుగులు. ముప్ఫయ్యేళ్లుగా ఆ గట్టు ముందు నిలబడుతున్నది నేను. "బాబూ, మోచేయి మడిచినప్పుడు దానికి నాలుగైదు అంగుళాలు కిందుండాలి గట్టు. నాకు 32 కావాలి. పొయ్యి పెట్టే చోట ఇంకో మూడు అంగుళాలు దించాలి, పొయ్యి ఎత్తు, గిన్నె ఎత్తు కలుస్తాయి కదా" అన్నాను. అతను నవ్వి, "కలర్స్ మీరు చూసుకోండి మేడమ్, టెక్నికల్ విషయాలు సార్‌తో మాట్లాడతాం" అన్నాడు. మా ఆయన వెంటనే, "వండేది ఆవిడ. ఆవిడ చెప్పినట్టు రాయండి" అన్నారు. ఆ మాట ఆయన అన్నాకే కాగితం మీద 32 పడింది.

కొటేషన్‌లో "వాటర్‌ప్రూఫ్ ప్లై" అని మాత్రమే రాశారు. నేను ఒప్పుకోలేదు. ఐఎస్ 710 (నీళ్లకు తట్టుకునే ప్లైకి ఉన్న భారత ప్రమాణం), 18 మిల్లీమీటర్లు అని రాయించుకుని, సంతకం పెట్టించాను. సగం అడ్వాన్సు అడిగితే పావు దగ్గర ఆపాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మామూలు ప్లైని ఎంఆర్ అంటారు, అందులో వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. గదిలో తేమ వరకు తట్టుకుంటుంది కానీ నీళ్లలో నానితే పొరలు విడిపోతాయి. ఐఎస్ 710 లో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. దాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. రెండింటికీ ధరలో చాలా తేడా ఉంది. మోసమంతా ఆ తేడాలోనే.

బీరువాల పెట్టెలు వచ్చాయి. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. రెండు వైపులా లామినేట్, అంచులకి పట్టీ. లోపల చెక్క ఏదో కనిపించే దారే లేదు, ముద్ర కూడా కనపడదు. ఏం ప్లై అని బిగించే కుర్రాడిని అడిగితే "షాపులో అడగండమ్మా" అన్నాడు. సింక్ కింద పెట్టెకి పైపు కోసం గుండ్రంగా బెజ్జం కోశాడు. కోసిన బిళ్ల నేల మీద పడింది. అతను తుడిచి చెత్తలో వేయబోతుంటే నేను తీసుకున్నాను. అంచు చుట్టూ పొరలు కనిపిస్తున్నాయి.

వంటిల్లు పనిలో ఉంది కాబట్టి వసారాలో చిన్న స్టవ్వు మీద వండుతున్నాం. పాత గిన్నెలో నీళ్లు పోసి, ఆ బిళ్ల వేసి, తేలకుండా మీద చిన్న రాయి పెట్టి మరిగించాను. మా అత్తగారు వచ్చి "ఏటే అది, ఏం వండుతున్నావు?" అని అడిగారు. చెప్తే ఆవిడే కూర్చుని నీళ్లు తగ్గినప్పుడల్లా పోశారు. మధ్యాహ్నానికి నీళ్లు ఎర్రబారాయి. సాయంత్రానికి బిళ్ల అంచు ఉబ్బింది. బయటికి తీసి చల్లారాక చూస్తే, పైనా కిందా లామినేట్ అలాగే ఉంది, మధ్యలో చెక్క తడిసిన అట్టలా పొరలుగా విచ్చుకుంది. పొరల సందులో నా గోరు దూరింది. 72 గంటలు ఎక్కడ, ఒక్క పూట ఎక్కడ!

మర్నాడు ఆ బిళ్ల కవర్లో వేసుకుని దుకాణానికి ఒక్కదాన్నే వెళ్లాను. యజమాని ఉన్నాడు. ఇద్దరు ముగ్గురు కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. బిళ్ల చేతిలో పెట్టి సంగతి చెప్పాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, అందరికీ వినపడేలా, "ప్లైవుడ్‌ని ఎవరైనా ఉడకబెడతారా అమ్మా? ఇదేమన్నా కందగడ్డా?" అన్నాడు. అందరూ నవ్వారు. డిజైన్ కుర్రాడు కూడా. తల కొట్టేసినట్టయింది. ఐఎస్ 710 పరీక్షే ఉడకబెట్టడమని, ఆ ప్లై కొన్న బిల్లు చూపించమని అడిగాను. అతను నాకు జవాబివ్వకుండా, నా ఎదురుగానే మా ఆయనకి ఫోన్ చేసి, "సార్, మేడమ్ కొంచెం టెన్షన్ పడుతున్నారు, మీరొకసారి రండి, మనం మనం మాట్లాడుకుందాం" అన్నాడు.

నేను ఇరవై రెండేళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను. జిగురు ఎందుకు విడిపోతుందో పదో తరగతి పిల్లలకి అర్థమయ్యేలా చెప్పగలను. అలాంటిదాన్ని, నా డబ్బుతో, నా వంటింటి కోసం అడుగుతుంటే "టెన్షన్" అంటాడా! ఒళ్లు మండిపోయింది. సంతకం ఉన్న కొటేషన్ బల్ల మీద పెట్టి, "బిల్లు చూపించండి, లేదా సామాను వెనక్కి తీసుకెళ్లండి. లేకపోతే ఇక్కడే కూర్చుని 1915 కి ఫోన్ చేస్తాను" అన్నాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు, అందరూ గుర్తుపెట్టుకోండి. కొనడానికి వచ్చిన ఒకావిడ లేచి నా కొటేషన్ తీసి చదివింది. ఆ తర్వాత ఆవిడ అక్కడ కూర్చోలేదు, వెళ్లిపోయింది. అప్పుడు దిగివచ్చాడు. సాయంత్రానికల్లా పెట్టెలు ఎత్తుకుపోయారు.

వంట చేసేవాళ్లని పక్కన కూర్చోబెట్టి రంగులు చూపించే దుకాణం దేంట్లోనూ డబ్బు పెట్టకండి. ఆడవాళ్లకి తెలియదనే ధీమాతోనే ఈ ఎంఆర్ సరుకు ఇళ్లలోకి వస్తోంది. వండే మనిషి మగవాడైనా ఇదే మాట చెప్తాను.

తర్వాత మా వీధి వడ్రంగి మేస్త్రి చేతే ఇంట్లో పని చేయించాను. దుమ్ము వచ్చింది, వస్తే రానీ. ప్లై షీట్లు నా కళ్లముందే దించారు. షీటు మీద ఐఎస్ఐ ముద్ర, దాని పైన ఐఎస్ 710, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును ఐఎస్ఐ ముద్ర ఇచ్చే సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో, లైసెన్సు ఇంకా ఉందో లేదో తెలుస్తుంది. నేను అలా చూసి సరిపోయాకే కోయనిచ్చాను. మేస్త్రి విసుక్కోలేదు. "ఇలా చూసి తీసుకుంటే మాకూ మాట రాదమ్మా" అన్నాడు.

సింక్ కింద చెక్క పెట్టెలు వద్దే వద్దు. పాత కడప బండలనే కోయించి నిలువుగా నిలబెట్టి, ముందు తలుపులు మాత్రం చెక్కవి పెట్టించాను. పైపు కారినా రాయికి ఏమీ కాదు.

సొరుగుల్లో స్టీలు బుట్టలు 304 అని, అంటే తుప్పుకి బాగా తట్టుకునే రకమని అమ్ముతారు. దుకాణంవాడు అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు" అంటాడు. మాంగనీసు ఎక్కువ కలిపిన చవక రకం 202 స్టీలు కూడా అంటుకోదు, కానీ ఉప్పు గాలికి తొందరగా తుప్పు పడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మాంగనీసు పరీక్ష చుక్కల మందు ఉంటుంది, 202 మీద వేస్తే రంగు తేడా తెలిసిపోతుంది. ఆ చుక్కలు వేయనిచ్చిన దుకాణంలోనే కొన్నాను. చిమ్నీ గొట్టం వంపులు లేకుండా తిన్నగా బయటి గోడకి పెట్టించాను. మా అత్తగారి రుబ్బురోలు పెరటి తలుపు పక్కనే ఉంది. దాన్ని తీసేయమని కూడా ఆ దుకాణంవాళ్లు చెప్పారు.

అడ్వాన్సులో కొంతే వెనక్కి వచ్చింది, మిగతాది డిజైన్ చార్జీల కింద పట్టుకున్నారు. కొటేషన్‌లో ఆ చార్జీల మాటే లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు ఉండదు. కొటేషన్, డబ్బు కట్టిన రసీదు, బిళ్ల ఫొటోలు, ఆ బిళ్ల అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. సోమవారం వెళ్లి ఫిర్యాదు వేస్తున్నాను.