చెరొక గిన్నె, చెరొక ఊరు: తిరుమల శాసనాల్లో రాయలవారి దేవేరులు

తిరుమలదేవి అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఆమె అలక, దాన్ని తీర్చడానికి నంది తిమ్మన రాశాడనే పారిజాతాపహరణం. అలక సంగతి చాటుకథే. ఆ రాణి నిజంగా ఏం చేసిందో తెలియాలంటే తిరుమల శాసనాలే చదవాలి.

1513 ఫిబ్రవరి 10న శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి కొండెక్కి, స్వామికి 25 వెండి హారతి పళ్లేలు ఇచ్చారు. అదే రోజు ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి పాలు ఆరగింపు పెట్టడానికి చెరొక బంగారు గిన్నె సమర్పించారు. రాజుగారి కానుకల్లో కలిపేయకుండా ఎవరి గిన్నె వారి పేరునే నమోదైంది.

ఇక్కడ తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. శాసనంలో ఉన్నది శకం 1434, ఆంగీరస నామ సంవత్సరం. క్రీస్తు శకంలోకి మార్చడానికి దానికి 78 కలిపితే 1512 వస్తుంది, అది తప్పు. శక సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కనుక, జనవరి నుంచి ఉగాది లోపు పడే రోజులకు 79 కలపాలి.

రెండో ఘట్టం 1514 జూలై 6. ఉదయగిరి గెలిచి వచ్చిన రాయలు 30,000 వరహాలతో కనకాభిషేకం చేశారు. చిన్నాదేవి కంఠమాల, ముదడియూరు గ్రామం ఇచ్చింది. తిరుమలదేవి చక్రపదకం, పిరాట్టికుళత్తూరు గ్రామం ఇచ్చింది. అందరూ నగల గురించే చెబుతారు కానీ, నా దృష్టిలో అసలు దానం ఊళ్లదే. నగ ఒకసారి ఇస్తే భండారంలో చేరి ఊరుకుంటుంది. ఊరి ఆదాయం ఏటా వస్తుంది, దానితో రోజూ నైవేద్యం నడుస్తుంది. ఆలయ వ్యవహారాలు చూసే స్థానత్తార్లు ఆ ఆదాయానికి సరిపడా బియ్యం, నెయ్యి, పెసరపప్పు కొలతలు కట్టేవారు. దేవుడికి ఆరగింపైన ప్రసాదంలో నాలుగో వంతు దాతది, దాన్నే ‘విట్టవన్ విళుక్కాడు’ అన్నారు. ఇదంతా నీటి మీద ఆధారపడిన ఏర్పాటు. చెరువు పూడితే పంట ఉండదు, పంట లేకపోతే నైవేద్యం ఆగుతుంది. దేవుడికి వచ్చిన డబ్బును గుడి ఊళ్లలో చెరువులకూ కాలువలకూ పెట్టించింది అందుకే.

రాణికి ఇంత సొమ్ము ఎక్కడిది? 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ చెప్పిన దాని ప్రకారం రాయలకు 12 మంది భార్యలు, వారిలో ముగ్గురు ముఖ్యులు. ఒక్కొక్కరికీ వేరే ఇల్లు, వేరే పరిచారికలు, సొంత ధనం, నగలు. పొరపొచ్చాలు రాకుండా ఆ ముగ్గురికీ అన్నీ సమానంగా ఉండేవట. ఆ మాట చదివాక మళ్లీ శాసనాలు చూడండి: మొదటిసారి చెరొక గిన్నె, రెండోసారి చెరొక నగ, చెరొక ఊరు. ఇది కాకతాళీయం అనుకోలేను.

తిరుమల గుడి మహాద్వారం దాటగానే కుడిచేతి వైపు మండపంలో రాయల రాగి విగ్రహం, అటూ ఇటూ ఈ ఇద్దరూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. క్యూలో ముందుకు తోసుకుపోయే తొందరలో చాలామంది అటు చూడనే చూడరు.