గోలీసోడా ఫాంటు: తలకట్టు కుదిరింది, వత్తులు సగంలో ఉన్నాయి

గోలీసోడా (ప్రస్తుతానికి ఇదే పేరు) 1970ల నాటి ఉబ్బెత్తు శీర్షికల తరహా తెలుగు ఫాంటు. ఆ రోజుల్లో రోమన్ లిపిలో ఎక్కడ చూసినా కనిపించిన కూపర్ బ్లాక్ అనే ఫాంటు అసలు 1922 నాటిది. దాని మెత్తదనం తెలుగుకు ఇట్టే అతుకుతుంది, మన అక్షరాలు ఎలాగూ గుండ్రనివే. తంటా అంతా లావుతోనే.

హల్లులు: పూర్తి

ఎమ్ (అక్షరాలను గీసే చదరపు గడి) 1000 యూనిట్లు, గీత మందం 168. మొత్తం 35 హల్లుల్లో ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ తొమ్మిదింటికీ తలకట్టు లేదు. మిగతా 26కీ ఒకే తలకట్టును విడి ముక్కగా గీసి తగిలించాం. గుడి, ఎత్వం వస్తే తలకట్టు పోవాలి కాబట్టి దాన్ని అక్షరంలో కలిపేస్తే తరువాత ప్రతి గుణింతమూ మళ్లీ గీసుకోవాలి.

బాగా విసిగించినది థ. పొట్టలో చుక్క 70 యూనిట్లు, చుట్టూ ఖాళీ 38. 72 పిక్సెళ్ల సైజులో ఆ ఖాళీ 2.7 పిక్సెళ్లు వస్తుంది, 24లో ఒక్క పిక్సెల్ కూడా రాదు. చుక్క పూడిపోతే థకీ ధకీ తేడా తెలియదు. కథని ‘కధ’ అని రాసేవాళ్లు ఇప్పటికే బోలెడుమంది, ఫాంటు కూడా వాళ్లతో చేరితే ఎలా? అందుకే దీన్ని 48 పిక్సెళ్లకు తక్కువ వాడొద్దు.

‘వు’ మరో గండం. వకి కొమ్ము మామూలుగా పక్కన తగిలిస్తే అచ్చం మ అయిపోతుంది. కొమ్ము కింది నుంచి మొదలై కుడివైపు లేవాలి. సన్న ఫాంట్లలో ఈ తేడా దానంతటదే తెలుస్తుంది. 168 మందంలో మాత్రం కొమ్ము మొదలును 90 యూనిట్లు కిందికి దించితే గానీ ‘నవ్వు’ నవ్వులా కనిపించలేదు.

వత్తులు: సగం

త, న, మ, య, ర, ల వత్తులకు సొంత రూపాలున్నాయి, అవి అయిపోయాయి. మిగతావాటిని హల్లునే 55 శాతానికి కుదించి సరిపెట్టబోతే గీత 92కి పడిపోయి, లావుపాటి అక్షరం కింద పుల్లలా వేలాడింది. ఇప్పుడు కుదించాక గీతను 120కి పెంచి ఒక్కోటీ సరిచేస్తున్నాం.

ఓపెన్‌టైప్‌లో (ఫాంటు ఫైళ్ల ప్రమాణం) తెలుగుకున్న కొత్త పద్ధతి ‘టెల్2’. దానికి వత్తు నియమం రాసేటప్పుడు పొల్లు ముందు, హల్లు తరువాత. పాత పద్ధతిలో ఇది తలకిందులు. పాత ఫాంటు నుంచి నియమాలు ఎత్తి తెచ్చుకుంటే వత్తు పడదు, పొల్లు పైనే నిలిచిపోతుంది.

పరీక్షకు మూడు మాటలు చాలు: రాష్ట్రం, విద్యార్థి, క్లైమాక్స్. ‘ష్ట్ర’ అడుగు అక్షరాలు నిలిచే గీతకు 610 యూనిట్లు కిందికి దిగుతుంది. విండోస్ డిసెంట్ (ఆ గీత కింద విండోస్ ఎంతవరకు చూపించాలో చెప్పే హద్దు) 450గా ఉన్నప్పుడు రవత్తు కింద కత్తిరించినట్టు తెగింది, 620 చేస్తే సరిపోయింది. ‘క్లై’లో లవత్తు, ఐత్వపు కింది ముక్క రెండూ ఒకేచోటికి వస్తాయి. వత్తు ఉంటే ఆ ముక్కను 140 యూనిట్లు కుడికి జరిపేలా నియమం పెట్టాం.

నీడ పొర

రంగు నీడ కోసం రెండో ఫాంటు, 60 యూనిట్లు కుడికి, 60 కిందికి. రెండింటిలో అక్షరాల వెడల్పులూ కెర్నింగూ (జంట అక్షరాల మధ్య ఎడం సర్దుబాటు) అంకెతో సహా ఒకటే ఉండాలి, లేకపోతే నాలుగో అక్షరం దగ్గరికే నీడ పక్కకు జారుతుంది.

ఎక్కడ వాడాలి

టీ కొట్టు బోర్డు, వినాయక మండపం ఫ్లెక్సీ, యూట్యూబ్ థంబ్‌నెయిల్, టీషర్టు. రెండు మూడు మాటలకు మించకూడదు. పెళ్లిపత్రికలో పేర్లకు సరే, ముహూర్తం వివరాలకు వద్దు.

ఫ్లెక్సీ షాపుకి ఫాంటు పంపొద్దు. కోరెల్‌డ్రాలో కంట్రోల్-క్యూ కొట్టి కర్వ్స్‌గా (అక్షరాలను ఉత్త గీతలుగా) మార్చి, తరువాత వెల్డ్ చేసి (ముక్కల్ని ఒకటిగా అతికించి) పంపాలి. అక్షరమూ వత్తూ వేర్వేరు ముక్కలు కాబట్టి వెల్డ్ చేయకపోతే స్టిక్కర్ కటింగ్ మెషీను రెండూ కలిసినచోట మధ్యలో కూడా కోసేస్తుంది. పాత ఫోటోషాప్ వెర్షన్లలో వత్తులు విడిపోతే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఇంజిన్ ఆన్ చేయాలి. అను ఫాంట్లలో కొట్టిన మేటర్ ఇందులో పేస్ట్ చేస్తే పిచ్చిగీతలే, అది యూనికోడ్ కాదు. ముందు యూనికోడ్ కన్వర్టర్‌లో వేసుకోవాలి.

‘విద్యార్థి’ ఇంకా లొంగలేదు. యవత్తు తోక పక్కనున్న థవత్తును పొడుస్తోంది. పొట్టి తోక ఉన్న రెండో యవత్తు గీస్తున్నాం, పక్క అక్షరానికి వత్తు ఉన్నప్పుడే అది దిగుతుంది.