రిచర్డ్‌సన్ నుంచి డీప్ ఎల్లమ్ దాకా

మా పూర్వ విద్యార్థుల సంచిక కోసం క్యాంపస్ జ్ఞాపకాలు రాయమని కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం సర్దుకున్న సంగతి, ఒక్క కారులో ఏడుగురం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి బియ్యం బస్తాలు మోసుకొచ్చిన సంగతి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లో చదువుకున్న రోజులు అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఒక చప్పుడు. లావుపాటి తీగని వేళ్ళతో లాగి వదిలితే అది చెక్క మీద పడి ‘టక్’ మంటుంది. ఆ వెంటనే అరచేత్తో ఇంకో దెబ్బ. నేను దాని గురించే, దాన్ని వినిపించిన ఒక డాలస్ బ్యాండు గురించే రాస్తాను.

2001 వేసవి. మన బ్యాచ్‌లో ఎవర్ని కదిపినా టెన్షనే. అంతకుముందు ఏడాది దాకా, టెలికాం కంపెనీలన్నీ ఉండే రిచర్డ్‌సన్ టెలికాం కారిడార్‌లో మన సీనియర్లకి రెండేసి ఆఫర్లు చేతిలో ఉండేవి. మన వంతు వచ్చేసరికి అక్కడి పార్కింగ్ లాట్లు ఖాళీ అయిపోతున్నాయి. నాకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ, చేరాల్సిన రోజుకి పన్నెండు రోజుల ముందు ఫోన్ చేసి ఆ ఉద్యోగం ఇక లేదని చెప్పింది. నాన్నగారికి చెప్పలేకపోయాను. ఆ వారమంతా ల్యాబ్‌లో కూర్చుని రెజ్యూమె మార్చడం, ప్రింట్ తియ్యడం, మళ్ళీ మార్చడం. మా ల్యాబ్ చూసుకునే పెద్దాయన డాలస్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఓ సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, “శుక్రవారం రాత్రి ఏ పనీ పెట్టుకోకు. మా ఊరి వాళ్ళు చాలా ఊళ్ళు తిరిగి ఇంటికొస్తున్నారు” అన్నాడు.

ఆ ఊరి బ్యాండు పేరు రెవరెండ్ హార్టన్ హీట్.

నేనూ, మా రూమ్మేటూ బయల్దేరాం. “మామా, కంట్రీ పాటలంటే నిద్రొస్తుందేమో రా” అని దారంతా వాడి గొడవ. సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద అరగంట కూడా పట్టదు. డౌన్‌టౌన్‌కి తూర్పున, ఎల్మ్ వీధి చివర ఉంటుంది డీప్ ఎల్లమ్. ‘ఎల్మ్’ అన్న మాటే జనం నోట్లో నలిగి ‘ఎల్లమ్’ అయింది. 1910లు, 1920లలో బ్లైండ్ లెమన్ జెఫర్సన్, లెడ్ బెల్లీ లాంటి బ్లూస్ గాయకులు పాడిన వీధులవి. తర్వాత పెద్ద రోడ్డు అడ్డంగా పడి ఆ పేట గోదాముల పాలైంది. 1980లలో ఆ ఖాళీ గోదాముల్లోనే కుర్రాళ్ళు క్లబ్బులు తెరిచారు. జిమ్ హీత్ అనే గిటారిస్టు బ్యాండు మొదలుపెట్టింది అక్కడే, 1985లో.

పేరు వెనక కథ ల్యాబ్ పెద్దాయన లైన్లో నిలబడి ఉండగా చెప్పాడు. తర్వాత హీత్ ఇంటర్వ్యూలలో కూడా చదివాను. డీప్ ఎల్లమ్‌లో క్లబ్బు నడిపే ఒకాయన హీత్‌ని ‘హార్టన్’ అని పిలిచేవాడట. ఒక రాత్రి ప్రోగ్రాం మొదలయ్యే ముందు, నీ పాట చర్చి పాటలా ఉంది, నిన్ను రెవరెండ్ (అంటే పాస్టర్‌గారు) హార్టన్ హీట్ అని పిలవాలి అన్నాడట. హీత్‌కి అదేం పేరు అనిపించింది. కానీ రెండు మూడు పాటలయ్యేసరికి జనమంతా “రెవరెండ్!” అని అరవడం మొదలుపెట్టారు. అంతే, పేరు స్థిరపడిపోయింది. విచిత్రమేమిటంటే, ఆ పేరు పెట్టినాయన తర్వాత క్లబ్బు వదిలేసి నిజంగానే మతబోధకుడయ్యాడు. ఆ రెవరెండ్ అన్న మాట ఇక తీసెయ్యవయ్యా అని హీత్‌కి చెప్పి చూశాడు కూడా.

లోపల ఊపిరాడనంత జనం. స్టేజి మీద సూట్లు వేసుకుని ముగ్గురే ముగ్గురు. హీత్ చేతిలో గుల్లగా ఉండే గ్రెట్ష్ గిటార్, జింబో వాలెస్ ముందు పెద్ద వయొలిన్‌లా ఉండి మనిషికన్నా ఎత్తైన డబుల్ బేస్, వెనక డ్రమ్స్ మీద స్కాట్ చురిల్లా. మొదటి పాట మొదలవగానే మా వాడు నా భుజం పట్టుకున్నాడు. ఆ బేస్‌ని కమానుతో కాదు, చేత్తో కొడుతున్నారు! తీగ లాగి వదిలినప్పుడు స్వరం, అది చెక్కకి తగిలినప్పుడు తాళం, రెండూ ఒకే చేతిలోంచి. నా కళ్ళు ఆ కుడిచెయ్యి మీంచి కదల్లేదు. ఇలా వాయించేవాళ్ళు వేళ్ళు చిట్లకుండా టేపు చుట్టుకుంటారని పెద్దాయన చెవిలో అరిచాడు.

వీళ్ళు వాయించేది రాకబిల్లీ. దానికి పునాది ఆ దెబ్బే. 1954 జులైలో మెంఫిస్ సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు చేసినప్పుడు డ్రమ్మరే లేడు. స్కాటీ మూర్ గిటారూ, బిల్ బ్లాక్ బేసూ, అంతే. డ్రమ్ము చెయ్యాల్సిన పని బేస్ తీగలే చేశాయి. నల్లవాళ్ళ బ్లూసూ, పల్లెల కంట్రీ పాటా కలిసిపోయిన ఆ సంగీతం నాలుగైదేళ్ళు ఊపు ఊపి వెనకబడింది. హీత్ దాన్ని ముప్ఫై ఏళ్ళ తర్వాత పట్టుకుని, పంక్ రాక్ వేగం జోడించాడు. రెండో గిటారు లేని లోటు తెలియకుండా తాళం, రాగం కలిపి ఒక్కడే వాయించే పద్ధతి ఒకటి ఉంది ఆయనకి. దాన్ని ‘హరికేన్’ అంటారు. పేరు సరిగ్గా సరిపోయింది.

ముగ్గురిని చూస్తుంటే నాకు చిన్నప్పుడు మా ఊరి బడి ఆవరణలో తాతయ్య పక్కన చాప మీద కూర్చుని విన్న బుర్రకథ గుర్తొచ్చింది. అక్కడా ముగ్గురే. మధ్యలో కథకుడు, అటూ ఇటూ వంతలు. ముగ్గురితో తెల్లవార్లూ ఊరినంతా కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళూ అంతే, ఒక ఊళ్ళో కథ ముగిస్తే మర్నాడు ఇంకో ఊరు.

ఈ బ్యాండు పైకొచ్చిన తీరు కూడా అదే. 1989లో జింబో చేరాడు. 1990లో మొదటి ఆల్బమ్ వచ్చింది. వేసింది సియాటిల్‌లోని సబ్ పాప్, అంటే పేరున్న గ్రంజ్ బ్యాండు నిర్వాణా మొదటి ఆల్బమ్ వేసిన రికార్డు కంపెనీ (లేబుల్). గ్రంజ్ అనే బరువైన రాక్ వినే కుర్రాళ్ళ ముందుకి సూట్లు వేసుకుని రాకబిల్లీ పట్టుకెళ్ళడానికి గుండె ఉండాలి. 1994కల్లా పెద్ద కంపెనీ ఇంటర్‌స్కోప్ చెయ్యి కలిపింది. ఆ దశాబ్దం చివరికి ఆ ఒప్పందం పోయింది. 2000లో ఒక లేబుల్, 2002లో ఇంకోటి, 2004లో మరోటి. దేశమంతా రేడియోలో మోగిన పెద్ద హిట్టు ఒక్కటీ లేదు. లేబుల్ మారినప్పుడల్లా చాలా బ్యాండ్లు అక్కడితో ఆగిపోతాయి. వీళ్ళు మళ్ళీ బండెక్కారు. టెక్సాస్‌లో అదేం చిన్న విషయం కాదు. డాలస్ నుంచి ఎల్ పాసోకి వెయ్యి కిలోమీటర్లు, ఇంకా రాష్ట్రం దాటనే లేదు. పైగా ఆ డబుల్ బేస్‌ని ప్రతి రాత్రీ ఎక్కించాలి, దించాలి. “ఒక ఊళ్ళో వంద మంది వింటే, వచ్చే ఏడు మళ్ళీ వెళ్తారు. ఈసారి రెండొందల మంది. వీళ్ళ లెక్క ఇంతే” అన్నాడు పెద్దాయన ఆ రాత్రి బయటికొచ్చాక. నా మట్టుకు నాకు వాళ్ళ రికార్డుల్లో వాళ్ళు సగమే దొరుకుతారు. మిగతా సగం ఎదురుగా నిలబడి వినాల్సిందే.

ఆ రాత్రి రెండింటికి రూముకొచ్చాం. చెవులు ఇంకా గింగుర్లాడుతున్నాయి. టైం చూసుకుంటే ఇండియాలో మధ్యాహ్నం. కాలింగ్ కార్డు తీసి నాన్నగారికి ఫోన్ చేసి, ఉద్యోగం పోయిందని చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “భోంచేశావా?” అన్నారు. ఉద్యోగం మళ్ళీ దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ నా పాత కరోలా కారు టేప్ రికార్డర్‌లో వాళ్ళే. ఇంటర్వ్యూకి హ్యూస్టన్ వెళ్ళినా వాళ్ళే, ఆస్టిన్ వెళ్ళినా వాళ్ళే.

2006లో ‘గిటార్ హీరో 2’ వీడియో గేమ్‌లో వాళ్ళ మొదటి ఆల్బమ్‌లోని పాట ఒకటి వచ్చింది. మా అక్క కొడుకు విజయవాడ నుంచి ఫోన్ చేసి, “మావయ్యా, నువ్వు చెప్పేవాళ్ళు వీళ్ళేనా?” అని అడిగితే ఆ రోజంతా నేను నేల మీద లేను. 2017లో డ్రమ్స్ మీదకి కొత్తాయన వచ్చాడు. పేరు అర్జున కాంట్రెరాస్. ఆ పేరు చదివి మా ఆవిడ ఎంత మురిసిపోయిందో.

మా అమ్మాయి ఫ్రిస్కోలో స్కూలు ఆర్కెస్ట్రాలో డబుల్ బేస్ వాయిస్తుంది. పొడుగ్గా ఉందని టీచరే ఇచ్చారు. మొదట్లో దానికి ఇష్టం లేదు. వయొలిన్ వాళ్ళకి రాగమంతా ఇచ్చి, మాకు ఒకే స్వరం ఇస్తారు నాన్నా అని ఏడ్చేది. దానికి పదమూడేళ్ళు వచ్చాక రెవరెండ్ గారి ప్రోగ్రాంకి తీసుకెళ్ళాను. హీత్ జుట్టు నెరిసింది. జింబో చెయ్యి మాత్రం 2001లో ఎలా ఉందో అలాగే ఉంది. అమ్మాయి ముందు వరుసలో కమ్మీ పట్టుకుని నిలబడింది. రెండు గంటలూ నాతో ఒక్క మాట లేదు.

మర్నాడు పొద్దున కాఫీ కలుపుతుంటే పై గదిలోంచి వినిపించింది. టక్. ఆగింది. మళ్ళీ టక్. తాళం కుదరడం లేదు, అయినా ఆపడం లేదు. సోమవారం స్కూలు బస్సు ఎక్కేటప్పుడు చూస్తే, కుడిచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ తెల్ల టేపు చుట్టుకుని ఉంది.