తెలుగులో బయాన్ చెప్పిన మా ఆపా

మన కాలేజీలో చరిత్ర చెప్పిన ఆపా (అక్క అని అర్థం) వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడరు. ఉదయగిరి వైపు ఒక పల్లెలో దూదేకుల కుటుంబం వాళ్లది. తాత దూది ఏకేవారు, నాన్న పరుపులు కుట్టి సంతల్లో అమ్మేవారు. పేర్లు ముస్లిం పేర్లు, మాట తెలుగు, నమాజులో చదివే సూరాలు (ఖురాన్ అధ్యాయాలు) విని కంఠస్థం చేసినవి. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. కందుకూరు దగ్గర మాదీ అలాంటి ఇల్లే. 1989లో బి.ఏ.లో చేరినప్పుడు హాస్టల్లో ఉర్దూ బాగా వచ్చిన అమ్మాయిల మధ్య సలాం చెప్పడానికి కూడా నాకు జంకుగా ఉండేది. మా ఇంటి పలుకే పలికే ఒక లెక్చరర్ స్టేజీ ఎక్కి ధీమాగా మాట్లాడటం చూశాక ఆ జంకు పోయింది. ఆవిడను మేడమ్ అన్నవాళ్లు తక్కువ. మతంతో పనిలేకుండా పిల్లలందరికీ ఆవిడ ఆపానే.

చదువుకోవడానికి నెల్లూరు వచ్చిన కొత్తలో ఏదో పెళ్లిలో, "తెలుగోళ్లు, మీకు దీన్ (మతం) గురించి ఏం తెలుసు" అన్నారట ఎవరో. ఆపా మాటకు మాట అనలేదు. తర్వాత, ఎం.ఏ. పూర్తయిన మనిషి, నెల్లూరు కోటమిట్టలో ఒక మౌల్వీసాబ్ భార్య దగ్గర చిన్నపిల్లల పక్కన చాపమీద కూర్చుని అలిఫ్, బే అక్షరాల దగ్గర మొదలుపెట్టారు. ఉర్దూ పట్టుబడ్డాక అరబ్బీ వ్యాకరణం చదివారు. పీహెచ్‌డీకి తీసుకున్న విషయం పాత మద్రాసు రాష్ట్రంలో ముస్లిం ఆడపిల్లల చదువు. సెలవు దొరికితే పొద్దున్నే రైలెక్కి మద్రాసు వెళ్లి, ఎగ్మోరు ఆర్కైవ్స్‌లో పాత కాగితాలు చూసి రాత్రికి తిరిగొచ్చేవారు. మరుసటి రోజు క్లాసులో అవే మాకు పాఠం.

ఆవిడ పాఠాల్లో నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది, ముస్లిం ఆడపిల్లల చదువు కోసం పాటుపడిన బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా పాఠం. సిలబస్‌లో లేదు. రొకేయా 1880లో రంగ్‌పూర్ జిల్లా పైరాబంద్‌లో పుట్టారు, ఇప్పుడది బంగ్లాదేశ్. పెద్దింటి ఆడపిల్లకు ఖురాన్ పారాయణం, కాస్త ఉర్దూ వస్తే చాలనుకునే రోజులు. బెంగాలీ, ఇంగ్లీషు మాత్రం వద్దు. అందరూ పడుకున్నాక అన్నయ్య కొవ్వొత్తి వెలుగులో ఆ రెండూ నేర్పించాడు. 1909లో భర్త చనిపోతే, ఆయన బడి కోసం ఉంచిన డబ్బుతో భాగల్‌పూర్‌లో ఐదుగురు పిల్లలతో స్కూలు పెట్టారు. అక్కడ బంధువుల గొడవ భరించలేక కలకత్తా వెళ్లి, 1911లో ఎనిమిది మందితో మళ్లీ మొదలుపెట్టారు. ఇల్లిల్లూ తిరిగి, పరదాకు లోటు రానివ్వనని తల్లిదండ్రులకు మాటిచ్చి పిల్లల్ని తెచ్చుకున్నారు. 1916లో ముస్లిం స్త్రీల సంఘం కూడా పెట్టారు.

ఇదంతా చెప్పి ఆపా ఒక్క క్షణం ఆగి మా వైపు చూసేవారు. అసలు సంగతి ఆ తర్వాత వచ్చేది. ఆడవాళ్లే రాజ్యమేలే దేశం గురించి రొకేయా ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' కథ 1905లో అచ్చయింది మన మద్రాసులో, ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ రాజమండ్రిలో పుట్టిన తెలుగావిడ. ఎక్కడి రంగ్‌పూర్, ఎక్కడి రాజమండ్రి! ఆ మాట చెప్పేటప్పుడు ఆపా ముఖం వెలిగిపోయేది. ఇంకో సంగతి కూడా ఒత్తి చెప్పేవారు. ఉర్దూనే గొప్పనుకునే ఇంట్లో పుట్టి కూడా రొకేయా ఎక్కువగా బెంగాలీలోనే రాశారు, తన చుట్టూ ఉన్న ఆడవాళ్ల భాష అదే గనక. ఆపా తన దారి అక్కడే వెతుక్కున్నారని నా నమ్మకం.

ఎందుకంటే ఆపా చేసిందీ అదే. శుక్రవారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి తెలుగులో బయాన్, అంటే మతబోధ ప్రసంగం, చెప్పేవారు. ముందు అరబ్బీ ఆయతు (ఖురాన్ వాక్యం), తర్వాత మన మాటల్లో దాని అర్థం. మొట్టమొదట దిగిన ఆయతులు చదువు గురించే అని చెప్పేవారు. మెహర్ (పెళ్లిలో భర్త ఇచ్చే కానుక) భార్యకే ఇవ్వాలని, తల్లిదండ్రుల ఆస్తిలో ఆడపిల్లకూ వాటా ఉందని నిసా సూరా చూపించేవారు. ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా రెండు వేలకు పైగా హదీసులు (ప్రవక్త మాటలు, నడవడి) చెప్పారనీ, పెద్ద పెద్ద సహాబాలు (ప్రవక్త సహచరులు) ఆవిడను అడిగి సందేహాలు తీర్చుకున్నారనీ చెబితే, చేటలో బియ్యం ఏరుకుంటూ వింటున్న ముసలమ్మలు చేతులు ఆపేసేవాళ్లు. మొదట్లో కొందరు పెద్దలకు నచ్చలేదు. ఆపా ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. కితాబు తీసుకుని వాళ్లింటికే వెళ్లి, "భాయ్, నేను చెప్పిందాంట్లో తప్పుంటే చూపించండి, దిద్దుకుంటా" అనేవారు. కొన్నేళ్లకు ఆ పెద్దలే పంచాయతీలకు ఆపాను పిలవడం మొదలుపెట్టారు.

అలాంటి పంచాయతీ ఒకటి నేనున్నప్పుడే జరిగింది. భర్త కువైట్ వెళ్లి ఐదేళ్లయినా ఉత్తరం లేదు, డబ్బు లేదు. అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. ఎదురుచూడమన్నారు పెద్దలు. ఆపా 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం తీసి చదివారు. నాలుగేళ్లుగా భర్త ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషణ చూడకపోయినా భార్య కోర్టులో విడాకులు కోరవచ్చు. "కోర్టు చెబితే మనకు చెల్లుతుందా" అని ఒకాయన అడిగారు. ఆ చట్టం రావాలని పట్టుబట్టినవాళ్లలో ఉలమాలే (మత పండితులే) ఉన్నారనీ, హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో ఆడవాళ్లకు దారి దొరక్క మరో శాఖ అయిన మాలికీ పద్ధతి నుంచి తీసుకున్నారనీ ఆపా విడమరిచి చెప్పారు. ఆ అమ్మాయి కేసు వేసింది, గెలిచింది, తర్వాత మన కాలేజీలోనే చేరి డిగ్రీ చదివింది. మౌల్వీ చదువూ యూనివర్సిటీ చదువూ ఒకే మనిషిలో ఉంటే ఏమవుతుందో ఆ రోజు చూశాను.

1992లో జిల్లా అంతా సారా వ్యతిరేక ఉద్యమం. రాత్రి బడిలో పాఠం చదువుకున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా ఆపించారన్న కబురు ఊరూరా పాకింది. ఆ ఆడవాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు తెలియని ఇల్లు లేదు. సెలవుల్లో ఆపా మా బ్యాచ్ పిల్లల్ని ఉదయగిరి వైపు రాత్రి బళ్లకు తీసుకెళ్లారు. పగలంతా చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కి అలిసిపోయిన ఆడవాళ్లకు పలక పట్టించాం. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించినప్పుడు ఆపా పండగ రోజులా సేమ్యా వండి పంచారు.

మార్కుల దగ్గర ఆపా చాలా కఠినం. తేదీ తప్పు రాస్తే జవాబంతా కొట్టేసేవారు. పరీక్ష ఫీజు కట్టలేని పిల్ల ఉంటే మాత్రం ఆఫీసులో డబ్బు కట్టి, రసీదు ఆ పిల్ల పుస్తకంలో పెట్టి పంపేవారు. ఆవిడ విషయంలో నాకున్న బాధ ఒక్కటే. అంత కష్టపడి చేసిన పరిశోధన ఇప్పటికీ పుస్తకంగా రాలేదు. అడిగినప్పుడల్లా, "ముందు పిల్లల ఫీజులు కానీలే" అనేవారు. పిల్లలు వస్తూనే ఉన్నారు, ఆపా ఫీజులు కడుతూనే ఉన్నారు, థీసిస్ బీరువాలోనే ఉండిపోయింది.

రిటైరయ్యాక ఆపా కోటమిట్టలోనే ఉంటున్నారు. చూపు తగ్గింది, ఎవరైనా చదివి వినిపిస్తే తప్పులు ఇప్పటికీ వెంటనే పట్టుకుంటారు. మా బ్యాచ్ వాళ్లం థీసిస్ టైపు చేయిస్తున్నాం, మూడు అధ్యాయాలు పూర్తయ్యాయి. ఆవిడ శుక్రవారం బయాన్లు నోటుబుక్కుల్లో రాసుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అవి ఉంటే మన కాలేజీ పూర్వ విద్యార్థుల ఈ సంచిక కమిటీకి అందజేయండి. ఆపా దగ్గర కూర్చుని చదివి, ఆవిడ చేతే దిద్దించి, రెండూ కలిపి అచ్చు వేయిద్దాం.