ఎండ కోసం ఇల్లు వదిలిన డ్రౌ కుర్రాడు

మొన్న శనివారం రాత్రి మా ఆటలో నేను ఆడే పాత్ర జెరిన్ మొదటిసారి గుహ దాటి బయటికొచ్చాడు. మూడు నెలలుగా ఎదురుచూసిన క్షణం ఇది, రాయకుండా ఉండలేకపోతున్నాను.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే నలుగురైదుగురు కూర్చుని కలిసి కథ అల్లుకుంటూ ఆడే ఆట, 1974 నుంచి ఉంది. డీఎం (డంజన్ మాస్టర్) కథ నడిపిస్తాడు, మిగతావాళ్లం తలా ఒక పాత్ర ఆడతాం, పని అయిందా కాలేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఇందులో భూమి అడుగున బతికే నల్ల ఎల్ఫ్‌లని డ్రౌ అంటారు. వాళ్ల నగరాల్లో బాగా పేరున్నది మెంజోబెరాంజాన్, మా వాడిది ఆ ఊరే. పెద్దింటి బిడ్డ, మంత్రాలు నేర్చుకున్నవాడు, వయసులో చిన్నవాడు.

"అన్నీ ఉన్నాయి కదరా వాడికి, ఎందుకు పారిపోవడం?" అని మొదటిరోజే మావాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పట్టుబట్టలు, సొంత గది, అడిగినన్ని పుస్తకాలు, ఏ పనికైనా బానిసలు. కానీ ఆ ఊళ్లో పెత్తనమంతా ఆడవాళ్లది, అందులోనూ సాలీడు దేవత లోత్ పూజారిణులది. ఇంటి పెద్ద అమ్మే, ఆవిడ మాట దాటితే కొరడా. మగపిల్లల్ని కత్తి నేర్పే బడికో మంత్రం నేర్పే బడికో పంపుతారు, అక్కడ ఎంత ఎదిగినా ఇంటికొస్తే అక్క ముందు తల దించుకునే నిలబడాలి. పోనీ మహా అయితే ఎక్కడిదాకా ఎదగొచ్చు? ఆ నగరానికి ప్రధాన మాంత్రికుడు కావచ్చు, మగవాడికి అంతకు మించిన పదవి లేదు.

ఆ ప్రధాన మాంత్రికుడు రోజూ చేసే పని గురించి చదివినప్పుడే జెరిన్ నాకు పూర్తిగా కళ్లకు కట్టాడు. ఆ ఊళ్లో సూర్యుడు లేడు కాబట్టి పొద్దు తెలియదు. నార్బాండెల్ అని పెద్ద రాతి స్తంభం ఉంటుంది, దాని అడుగున ఆయన మంత్రంతో వేడి రగిలిస్తే అది రోజంతా నెమ్మదిగా రాయి వెంట పైకి పాకుతుంది, అది ఎంతవరకు వచ్చిందో చూసి జనం టైమ్ చెప్పుకుంటారు. అంటే అంత చదువూ చదివి, అన్ని కుట్రలు తట్టుకుని బతికి బయటపడితే, ఆఖరికి దక్కేది రోజూ అదే రాయిని వేడెక్కించే గౌరవం. అందరూ జెరిన్‌కి చెప్పేది కూడా అదే: బాగా చదువు, ఏదో ఒకరోజు ఆ స్తంభం నీ చేతికి వస్తుంది అని.

వాడికి సూర్యుడి గురించి చెప్పింది పుస్తకాలు కాదు. వాళ్లింట్లో ఒక గాబ్లిన్ (ఈ ఆటలో ఒక పొట్టి జాతి) బానిస ఉన్నాడు, పైన పుట్టి ఎక్కడో పట్టుబడినవాడు, వీడి పుస్తకాలు మోస్తూ వెనకాలే తిరిగేవాడు. ఒకసారి స్తంభం వైపు చూస్తూ అన్నాడట, "మా దగ్గర రాళ్లు వాటంతటవే వెచ్చబడతాయి చిన్నదొరా, ఎవరూ మంత్రం వెయ్యక్కర్లేదు, ఎవరి రాయైనా ఒకటే" అని. ఈ కథ మా డీఎంకి రాసి పంపినప్పుడు ఆ ఒక్క మాట దగ్గరే చాలాసేపు ఆగాను. విసుగు పుట్టి ఇల్లు వదిలే ధనవంతుల కుర్రాడిని ఆడటం నాకు ఇష్టం లేదు, వాడి సుఖమంతా ఎవరి వీపు మీద నిలబడిందో వాడికి తెలియాలి.

ఇక రూల్స్ సంగతి. 2014 రూల్స్ ప్రకారం డ్రౌకి చురుకుదనం, ఆకర్షణ పెరుగుతాయి గానీ తెలివి పెరగదు. పాయింట్లు పెట్టి కొనుక్కునే పద్ధతిలో మాంత్రికుడి తెలివి 15 దగ్గరే ఆగిపోతుంది. తెలివి పెరిగే వేరే జాతి తీసుకో అని సలహా ఇచ్చారు, నేను వినలేదు. జేబులో పెద్దింటి బిడ్డకి ఇచ్చే 25 బంగారు నాణేలు, ఒక ముద్ర ఉంగరం, వంశవృక్షం రాసిన కాగితపు చుట్ట. దారిలో ఒక పాత మంత్రం కాగితం దొరికింది, మొదటి స్థాయిదే, మహా సంతోషించాం. తీరా దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించాలంటే 2 గంటలు, సిరా లాంటివాటికి 50 నాణేల ఖర్చు. ఇంట్లో సిరా దానికదే వచ్చేది, దానికో ధర ఉంటుందని వాడికి తెలియనే తెలియదు. ఉంగరం అమ్మేశాడు. కొన్న లోహపు పనివాడు దాని మీది ముద్ర వైపు చూడనైనా చూడలేదు, తూకం వేసి డబ్బిచ్చాడు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం అదే, ఏ యుద్ధమూ దాని ముందు నిలవదు.

(డ్రౌ అంటే పుట్టుకతోనే దుర్మార్గులు అని పాతరోజుల్లో రాసేవాళ్లు. అలా రాయడం మార్చుకుంటామని ఆట తయారుచేసేవాళ్లే 2020లో చెప్పారు. మంచి పని చేశారు. పుట్టుకే అన్నీ తేల్చేస్తే జెరిన్ లాంటివాడికి కథే ఉండదు.)

సరే, శనివారం. గుహ నోరు, తెల్లవారుతోంది. బయట ఇద్దరు దొంగలు కాపు కాశారు. నిప్పు మంత్రం విసిరాను. డ్రౌకి ఎండ పడదు, నేరుగా ఎండలో ఉంటే దెబ్బ వెయ్యడానికి పాచిక రెండుసార్లు వేసి తక్కువ వచ్చిందే తీసుకోవాలి. ఒకటి 17, రెండోది 4. నాలుగే లెక్క. నిప్పు ఎక్కడో చెట్టు మీద పడింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, ఏమీ కనపడటం లేదు అని డీఎం చెప్పాడు. మిగతావాళ్లు ఎలాగో దొంగల్ని తరిమేశారు, నీడలోకి రమ్మని జెరిన్ చెయ్యి పట్టి లాగారు.

నేను రానన్నాను. జెరిన్ పక్కనున్న బండరాయి మీద చెయ్యి పెడుతున్నాడు అన్నాను.

డీఎం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "వెచ్చగా ఉంది" అన్నాడు.

ఆట అయిపోయాక క్యారెక్టర్ షీట్ తీశాను. అందులో 'బంధం' అని ఒక గడి ఉంటుంది, ఈ పాత్ర ఎవరి కోసం ఏమైనా చేస్తుంది అని రాసుకోవడానికి. మూడు నెలల క్రితం 'మా ఇంటి పరువు' అని రాశాను. అది చెరిపేసి గాబ్లిన్ అని రాద్దామనుకుంటే పేరు గుర్తుకు రాలేదు, ఎందుకంటే జెరిన్ వాణ్ణి ఎప్పుడూ పేరు అడగలేదు. గడి ఖాళీగా వదిలేసి, మళ్లీ కిందికి దిగే దారి ఉందా అని డీఎంకి మెసేజ్ పెట్టాను.