పేము అల్లిక

"ఇందులో అచ్చం నిజంలా ఉన్నది ఆ పేము అల్లిక ఒక్కటే" అన్నాను, స్క్రీన్ మీద బొమ్మని ఇంకాస్త పెద్దది చేస్తూ.

"ఆయన గీయనిదీ అదొక్కటే" అంది పక్కనున్న ఫ్రెండ్.

చిత్రకారుడు పికాసో 1912లో చేసిన స్టిల్ లైఫ్ అది, అంటే బల్ల మీది వస్తువుల బొమ్మ. కోలగా ఉంటుంది, ఫ్రేముకి బదులు చుట్టూ తాడు. గ్లాసు, కత్తి, నిమ్మచెక్క, పైపు అన్నీ ముక్కలుముక్కలుగా ఉంటాయి, వెతుక్కోవాలి. కుర్చీకి వేసే ఆ అల్లిక మాత్రం మిషన్ మీద అచ్చేసిన ఆయిల్‌క్లాత్. కోసి అతికించేశాడు!

కన్ను దేన్ని నమ్మిందో అదే నకలు. కుంచెతో కష్టపడి వేసినవేమో ఏమిటో పోల్చుకోవడానికే ఇంతసేపు పట్టింది. కాసేపు నోట మాట రాలేదు నాకు.

పైన జె, ఓ, యు అని మూడక్షరాలు. ఫ్రెంచిలో న్యూస్‌పేపర్‌ని 'జుర్నాల్' అంటారు, ఆడటాన్ని 'జువే' అంటారు. రెండూ ఆ మూడింటితోనే మొదలు. సగం పేపరా, ఆటకి పిలుపా? నాకైతే రెండోదే అనిపిస్తోంది, ఆ అల్లిక చేసిన పని చూశాక.

ఇప్పుడు మళ్లీ తెరిచాను. చూపు తాడు దగ్గరే ఆగిపోతోంది. అది మాత్రం నిజం తాడే. బల్ల అంచా, ఫ్రేమా అన్నది ఇంకా తేల్చుకోలేదు.