సిల్బరీ దిబ్బ, నాలుగో ప్రింటు: దొంగ మెట్లు ఎక్కడివో తెలిసింది

మూడు వారాలుగా నా 3డి ప్రింటులో తేలుతూ నన్ను వేధిస్తున్న మెట్ల మూలం నిన్న రాత్రి దొరికింది. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో క్రీ.పూ. 2400 ప్రాంతంలో సుద్ద, మట్టి పోసి లేపిన సిల్బరీ దిబ్బను, అక్కడి పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే ఒక మీటరు లైడార్ డేటాతో (విమానం నుంచి లేజరుతో మీటరుకొకటి చొప్పున కొలిచిన నేల ఎత్తులు) 1:1000 స్కేలులో ప్రింటు చేస్తున్నాను. సుమారు 160 మీటర్ల అడుగు వెడల్పు 16 సెంటీమీటర్లకు వస్తుంది. ఏటవాలు మొదటిసారే కుదిరింది.

కుదరనిది చుట్టూ ఉన్న కందకం. పడమటి వైపు అది బాగా వెడల్పై, దాదాపు చదునుగా ఉంటుంది. నున్నగా రావలసిన ఆ నేల మీద, ఎండాకాలం చెరువు నీరు తగ్గుతూ ఒడ్డున వదిలిన చారల్లాంటి మెట్లు తేలాయి. ప్రింటరు ఒకదాని మీద ఒకటిగా పోసే ప్లాస్టిక్ పొర, అంటే లేయరు, 0.16 మి.మీ. కాబట్టి తప్పు దానిదేననుకుని 0.12కు, తర్వాత 0.08కు దించాను. ప్లాస్టిక్ కారే నాజిల్ మార్చాను, ప్లాస్టిక్ తీగను (ఫిలమెంటు) ఆరు గంటలు ఆరబెట్టాను. మెట్లు అన్నే ఉన్నాయి, ఉన్నచోటే ఉన్నాయి. భూతద్దంతో చూస్తే 0.08 లేయర్లు రెండేసి కలిసి ఒక్కో మెట్టుగా కనిపించాయి. అంటే తప్పు ప్రింటరుది కాదు, ఫైలుది.

మ్యాపు సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నుంచి ఎత్తులను 8-బిట్ పీఎన్‌జీ బొమ్మగా తీశాను; అందులో ఎత్తుకు 256 స్థాయిలే ఉంటాయి. నేను కత్తిరించిన ముక్కలో ఎత్తుల తేడా సుమారు 38 మీటర్లు. దాన్ని 255 భాగాలు చేస్తే ఒక్కోటి 15 సెంటీమీటర్లు, ప్రింటులో 0.15 మి.మీ. నేను మొదట పెట్టిన లేయరు మందానికి ఇది ఇంత దగ్గరగా ఉండబట్టే నా అనుమానం ఇన్నాళ్లూ దారి తప్పింది. అరవై ఐదు వేలకు పైగా స్థాయిలుండే 16-బిట్‌కు మార్చగానే కందకం నున్నబడింది.

మరో దిబ్బ అయితే ఇంత పట్టుబట్టేవాణ్ణి కాదు. సిల్బరీ శిఖరానికి కాస్త కింద నిజంగానే ఒక అంచు ఉంది. దిబ్బను ఎలా కట్టారనే చర్చలో దానికి చోటుంది. అలాంటి చోట లేని మెట్లు చూపించడం తప్పుడు సాక్ష్యమే. ఎత్తును రెట్టింపు చేసి చూపే పద్ధతి నాకు అందుకే నచ్చదు. నమూనాను ప్రింటరు కోసం లేయర్లుగా కోసిచ్చే సాఫ్ట్‌వేర్లలో, చదును భాగాలకు మాత్రమే లేయరు పలచన చేయడానికి క్యూరా కంటే ప్రూసాస్లైసర్ చాలా మేలు.

తర్వాత దిబ్బను నిలువునా రెండుగా కోసి, 1776లో పైనుంచి తవ్విన గొయ్యిని, 1849లోనూ 1968లోనూ పక్కనుంచి తవ్విన సొరంగాలను చూపే నమూనా చేయాలి. సొరంగాలకు 2 మి.మీ. రంధ్రం చాలునా, పూడుకుపోతుందా అన్నది ముందు చిన్న ముక్క మీద పరీక్షిస్తాను.